హెన్రీ మోస్లీ

ఇనుము ఇనుమగుటకును, బంగారము బంగారమగుటకును మూలకారణమేమి? ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానము చెప్పవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపిన ఆంగ్లేయ యువకుడు హెన్రీ మోస్లీ. ఆయన ఇరువదియేడవ యేటనే యుద్ధభూమిలో కూలెను. ఆయన చరిత్రమును పాఠకులకు నివేదించుట యుక్తమని తలంచుచున్నాము.

మోస్లీ 1887 నవంబరు 23వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమందలి వేమత్ పట్టణమున జన్మించెను. తండ్రి, ఛాలెంజర్ అను నౌకపై సముద్రయానము చేసిన జంతుశాస్త్రజ్ఞుడు. కుమారునకు నాలుగేండ్లు నిండకమునుపే మరణించెను. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డు నందలి ట్రినిటీ కళాశాలలోను విద్య ముగించి, మోస్లీ 1910లో మాంచెస్టరునకు పోయి రూథర్‌ఫర్డు పండితుని ప్రయోగశాలయందు చేరెను.

పరమాణువు నడుమ ధనవిద్యుత్తు గల కేంద్రకము కలదని రూథర్‌ఫర్డు 1911లో ప్రకటించెను. అప్పటి రసాయనశాస్త్రజ్ఞులు మూలకములను పరమాణుభారమునుబట్టి వరుసగా పేర్చుచుండిరి. ఆ వరుసలో చిక్కులు లేకపోలేదు. కోబాల్టు నికెలుకంటె కొంచెము బరువైనది. గుణములనుబట్టి చూచినచో నికెలునకు ముందుండవలసినది.

1913లో మోస్లీ గాలి తీసివేసిన గొట్టములో లోహపు ముక్కలను చిన్న బండిపై నమర్చి, ఒక్కొక్కదానిని ఎలక్ట్రానుల ధారకు గురిచేసి, అవి వెలువరించు ఎక్స్‌కిరణములను స్ఫటికముచే విడదీసి ఛాయాచిత్రములు తీసెను. ఒక మూలకమునుండి తరువాతి దానికి పోవునప్పుడెల్ల ఆ కిరణముల కంపనసంఖ్యయొక్క వర్గమూలము సమానముగా పెరుగుచుండెను. మెట్టుమెట్టునకు ఒక్కొక్కటిగా పెరుగునది భారము గాదు, కేంద్రకమందలి ధనవిద్యుత్తని తేలెను. కోబాల్టు 27, నికెలు 28, చిక్కు విడిపోయెను. కేంద్రకమందెన్ని ధనభాగములో వెలుపల నన్ని ఎలక్ట్రానులు. వాని అమరికయే, విశేషించి వెలిపొరలోనిదే, ఒక మూలకము దేనితో కలియునో దేనితో కలియదో నిర్ణయించును.

ఈ లెక్కలో 43, 61, 75 స్థానములు శూన్యముగా నున్నవని ఆయన 1914లో చూపెను. 75వది 1925లోను, 43వది 1937లోను, 61వది 1945లోను లభించి ఆయన మాటను నిలిపినవి.

1914లో మహాసంగ్రామము ప్రారంభమైనప్పుడు మోస్లీ విద్వత్సభకై ఆస్ట్రేలియాకు వెళ్లియుండెను. బంధుమిత్రులు వారించినను వినక, మరలివచ్చి సైన్యమందలి ఇంజనీర్ల దళమున చేరెను. 1915 ఆగస్టు 10వ తేదీన గల్లిపోలిలో, టెలిఫోనుద్వారా ఆజ్ఞలు పంపుచుండగా, తురుష్క సైనికుని తూటా తలకు తగిలి మృతినొందెను. తన ఆస్తిని శాస్త్రపరిశోధన నిమిత్తము రాయల్ సొసైటీకి మరణశాసనముద్వారా ఒసగెను.

తన విధియని నమ్మి పోయిన మోస్లీని మేము నిందింపజాలము. ఆయన ప్రక్కన కూలిన సామాన్యసైనికుని ప్రాణము తక్కువదనియు అనజాలము. కాని పలువురు చేయగల పనికి, తానొక్కడే చేయుచున్న పనిని విడిచి పోనిచ్చిన ప్రభుత్వమును మెచ్చుకొనుటెట్లు? విత్తనమునకు దాచిన గింజలను వండుకొనిన కాపు ఏరువాకనాడు చేనిలో చల్లుట కేమియు మిగుల్చుకొనడు. విద్వాంసుల విషయమున దేశములు సైత మా కాపువంటివే యని మా యభిప్రాయము.