మన్రోగారి గళ్ళు

స్కూలు పిల్లల గళ్ళ స్కర్టులు చూస్తుంటాం కదా! అవి స్కాట్లండ్ 'టార్టన్' గళ్ళే. అక్కడ వంశానికో వరస. ఎర్ర నేత మీద ఆకుపచ్చ, నీలం పట్టీలు, సన్నటి పసుపు గీతలైతే మన్రో వంశానిది.

మన అనంతపురం కలెక్టరు థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టారు. అప్పట్లో అక్కడి మగవాళ్ళు సైన్యంలో తప్ప ఆ గళ్ళ కోటు తొడిగితే జైలే. ఆడవాళ్ళకు మాత్రం అడ్డులేదు! 1746 నాటి ఆ నిషేధం 1782లో పోయింది. అప్పటికే ఆయన మద్రాసు సైన్యంలో ఉన్నారు.

1800 నుంచి ఏడేళ్ళు దత్తమండలాల్లో ఊరూరా తిరిగారు. కరువుసీమ రైతుకు శిస్తు బరువైందని, నాలుగోవంతు తగ్గించమని 1807లో రాస్తే పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1820లో గవర్నరయ్యాక ఆ తగ్గింపు తెచ్చారు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. సీమలో కొందరు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.