దక్షిణపు గాలి కోసం ప్రార్థన

జార్జ్ ముల్లర్ పేరు వినని విశ్వాసి మన సంఘాల్లో అరుదు. ప్రార్థనతోనే అనాథలను పోషించిన దైవజనుడని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆయన కుర్రతనం గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోం. 1805లో ప్రష్యాలో పుట్టిన ముల్లర్, పన్నుల ఉద్యోగి అయిన తండ్రి దగ్గరున్న ప్రభుత్వ సొమ్మునే దొంగిలించేవాడు. సత్రాల్లో బస చేసి బిల్లు ఎగ్గొట్టినందుకు పదహారేళ్లకే జైలుకెళ్లాడు. పాదిరి కావాలని హాలే విశ్వవిద్యాలయంలో వేదాంతం చదువుతున్నప్పుడూ మారలేదు. 1825 నవంబరులో స్నేహితుడి వెంట ఒక ఇంట్లో జరిగే కూటానికి వెళ్లాడు. అక్కడ ఒకాయన మోకాళ్లూని ప్రార్థించాడు. అలా మోకరించిన మనిషిని చూడటం ముల్లర్‌కు అదే మొదటిసారి. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

1829లో ఇంగ్లండు చేరాడు. మరుసటి ఏడాది మేరీ గ్రోవ్స్‌ను పెళ్లాడి, సంఘం ఇచ్చే జీతాన్ని కూడా వదులుకున్నాడు. మేరీ సోదరుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ మనకు పరాయివాడు కాదు. బౌడెన్, బీర్ దంపతులను 1836లో తెలుగు నేలకు తీసుకొచ్చింది ఆయనే. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది.

అదే ఏడాది బ్రిస్టల్‌లోని విల్సన్ వీధిలో ముల్లర్ అనాథ బాలికల ఆశ్రమం తెరిచాడు. అవసరాన్ని దేవునికి తప్ప మనుషులకు చెప్పకూడదన్నది ఆయన నియమం. మరి ఏటా నివేదిక అచ్చువేసి లెక్కలు చూపించాడు కదా, అదీ ఒకరకంగా అడగటమే కాదా అని మనకు అనిపించవచ్చు. ఆ సందేహం ముల్లర్‌కూ తెలుసు. 1841 చివర్లో డబ్బు అడుగంటింది. సరిగ్గా అప్పుడే నివేదిక, వార్షిక కూటాలు రావాలి. ఆయన వాటిని నెలల తరబడి వాయిదా వేశాడు. ఇబ్బంది ఏ రోజుకారోజు ఉండనే ఉంది, అయినా పిల్లలకు భోజనం తప్పలేదని ఆయన రాసుకున్నాడు.

ప్రసంగాల్లో తక్కువగా వినిపించే సంగతి ఒకటుంది. 1857 నవంబరు చివర్లో, యాష్లీ డౌన్‌లోని మొదటి భవనాన్ని వెచ్చగా ఉంచే బాయిలర్ కారడం మొదలైంది. లోపల మూడు వందల మంది పిల్లలు. చుట్టూ కట్టిన ఇటుకలు తీస్తేగానీ చిల్లు ఎక్కడుందో తెలియదు, అందాకా మంట ఆర్పాలి. మరమ్మతుకు బుధవారం ఖాయం చేశాక ఉత్తరపు చలిగాలి అందుకుంది. ముల్లర్ దేవుణ్ణి రెండే అడిగాడు: గాలి దక్షిణానికి మళ్లాలి, నెహెమ్యా కాలంలో గోడ కట్టినవారిలా పనివాళ్లకు పనిమీద మనసు కలగాలి. పనివాళ్లను పిలవడం మాత్రం మానలేదు, అది గమనించాలి. మంగళవారం రాత్రి కూడా చలిగాలే. బుధవారం దక్షిణపు గాలి వీచింది, మంట అవసరమే లేకపోయింది. సాయంత్రం పనివాళ్లు తమంతట తామే రాత్రంతా చేస్తామన్నారు. సుమారు ముప్పై గంటల్లో బాయిలర్ మళ్లీ వెలిగింది.

అడిగినవన్నీ దొరికాయని కాదు. కొడుకు ఇలైజా 1835లో పసితనంలోనే పోయాడు. అయిదు భవనాలూ పూర్తయి, రెండు వేలమందికి చోటు ఏర్పడిన 1870లోనే మేరీ కన్నుమూసింది. ఆమె భూస్థాపన ఆరాధన ముల్లరే జరిపాడు. వెయ్యిమందికి పైగా అనాథ పిల్లలు వెంట నడిచారు.

ఆ తరువాత ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు బతికాడు. 1898 మార్చి 9, బుధవారం సాయంత్రం ఎప్పటిలాగే ఆశ్రమంలో ప్రార్థన కూటం నడిపించి గదికి వెళ్లాడు. తెల్లవారి టీ తెచ్చినవారికి మంచం పక్కన నేలమీద ఆయన భౌతికకాయం కనిపించింది. అప్పటికి ఆయనకు తొంభై రెండేళ్లు.