ఆవు రక్తంలో ఊపిరితిత్తుల గుట్టు.. జూల్ బోర్డే చూపిన దారి

విదేశాల్లో పిల్లల్ని బడిలో చేర్పించిన ప్రతి తెలుగు కుటుంబానికీ టీకాల కాగితం సుపరిచితమే. కంఠసర్పి, ధనుర్వాతంతో పాటు కోరింత దగ్గుకూ టీకా వేయించామని అందులో చూపించాలి. ఆ కోరింత దగ్గు సూక్ష్మజీవి పేరు బోర్డెటెల్లా పెర్టుసిస్. దాన్ని పట్టుకున్న బెల్జియం వైద్యుడు జూల్ బోర్డే ఇంటిపేరే దానికి పెట్టారు. పసిపిల్లల దగ్గుకు కారణం కనిపెట్టిన ఈయనే, పశువుల ఊపిరితిత్తుల జబ్బును రక్తపరీక్షతో గుర్తించే పద్ధతికీ పునాది వేశారన్నది చాలామందికి తెలియని సంగతి.

బడిపంతులు కొడుకు

బోర్డే 1870 జూన్ 13న బెల్జియంలోని స్వానీ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి ఉపాధ్యాయుడు. బ్రస్సెల్స్‌లో ఉద్యోగం రావడంతో నాలుగేళ్ల జూల్‌ను తీసుకుని కుటుంబమంతా అక్కడికి తరలింది. 1892లో, ఇరవై రెండేళ్ల వయసులో వైద్యపట్టా చేతికొచ్చింది. సూక్ష్మజీవుల మీద చేసిన తొలి పరిశోధన నచ్చి ప్రభుత్వం ఉపకారవేతనం ఇచ్చింది. దాంతో 1894లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి మెచ్నికాఫ్ దగ్గర చేరారు.

ఏడాది తిరక్కుండానే పెద్ద విషయం తేల్చారు. రోగాన్ని తట్టుకున్న జంతువు రక్తం నుంచి తీసిన సీరం, అంటే కణాలు వేరుచేశాక మిగిలే రసం, సూక్ష్మజీవుల్ని చంపుతుంది. దాన్ని 55 డిగ్రీల వరకు వేడిచేస్తే ఆ శక్తి పోతుంది. అందులో మామూలు జంతువు తాజా సీరం కాస్త కలిపితే మళ్లీ వస్తుంది. అంటే పని చేసేది ఒకటి కాదు, రెండు పదార్థాలు. ఒకటి ఫలానా రోగం వచ్చాకే పుట్టే యాంటీబాడీ, వేడికి చెడదు. రెండోది ప్రతి జంతువు రక్తంలోనూ ఉండేది, వేడికి చెడిపోయేది. ఈ రెండోదాన్నే ఇప్పుడు కాంప్లిమెంట్ అంటున్నాం.

ట్రాన్స్‌వాల్ పశువుల మధ్య

బోర్డే జీవితంలో పశువుల అధ్యాయం దక్షిణాఫ్రికాలో మొదలైంది. 1896లో ముసర వ్యాధి ట్రాన్స్‌వాల్‌లోకి పాకింది. మందలకు మందలు కూలిపోయాయి. పాలు, మాంసం, దుక్కి, బండి అన్నీ పశువుతోనే నడిచే ఆ సీమలో ఇళ్లకు ఇళ్లే చితికిపోయాయి. అక్కడి ప్రభుత్వం పారిస్ సాయం కోరగా, 1897లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తరఫున డానిష్ అనే శాస్త్రవేత్తతో కలిసి బోర్డే వెళ్లారు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పశువైద్యుడు ఆర్నాల్డ్ థైలర్‌తో కలిసి పనిచేశారు. రోగం నుంచి తేరుకున్న పశువుల సీరంతో మిగతావాటిని కాపాడే ప్రయత్నమది. ప్రయోగశాలలో గాజుగొట్టంలో చూసింది అక్కడ రైతు దొడ్లో పరీక్షకు నిలిచింది.

ఒక్క గ్లాసు పాల లెక్క

పారిస్ తిరిగొచ్చాక 1898లో మరో సంగతి గమనించారు. ఒక జంతువు ఎర్ర రక్తకణాల్ని మరో జాతి జంతువుకు ఎక్కిస్తే, వాటిపైనా యాంటీబాడీలు పుడతాయి. కాంప్లిమెంట్ తోడైతే ఆ కణాలు పగిలిపోతాయి. 1901లో తన సహచరుడు, బంధువు కూడా అయిన ఆక్టేవ్ జాంగుతో కలిసి ఈ రెండు విషయాల్నీ ముడిపెట్టారు. కాంప్లిమెంట్ ఒకచోట ఖర్చయితే రెండోచోటికి మిగలదు. ఇంట్లో ఉన్న ఒక్క గ్లాసు పాలు తోడు పెట్టేస్తే కాఫీకి ఉండవు కదా, ఇదీ అంతే.

ఈ లెక్కతోనే పరీక్ష జరుగుతుంది. అనుమానమున్న ఆవు సీరం తీసి, అందులోని సొంత కాంప్లిమెంట్ పోయేలా వేడిచేస్తారు. దానికి రోగక్రిమి పదార్థాన్ని, కొలిచిన మోతాదులో గినీ పిగ్ కాంప్లిమెంట్‌ను కలుపుతారు. ఆ తర్వాత యాంటీబాడీ పట్టించిన గొర్రె ఎర్రకణాలు వేస్తారు. ఆవు రక్తంలో ఆ రోగం తాలూకు యాంటీబాడీలు ఉంటే కాంప్లిమెంట్ అక్కడే ఖర్చవుతుంది. గొర్రె కణాలు పగలకుండా అడుక్కి చేరతాయి. యాంటీబాడీలు లేకపోతే కణాలు పగిలి నీరంతా ఎర్రబడుతుంది. కంటితో చూసి చెప్పొచ్చు.

దగ్గు తగ్గినా పోని ముప్పు

ఈ పరీక్ష పశువులకు ఎంత అవసరమో తెలియాలంటే వాటి అంటు ఊపిరితిత్తుల జబ్బు గురించి చెప్పుకోవాలి. సోకిన పశువు దగ్గుతుంది, మెడ చాచి, మోచేతులు ఎడంగా పెట్టి ఊపిరి కోసం తన్నుకుంటుంది. కొన్ని చనిపోతాయి. అసలు చిక్కు బతికినవాటితో. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే, చచ్చిన ఊపిరితిత్తి ముక్కను గూడుకట్టినట్టు లోపల దాచుకుని నెలల తరబడి తిరుగుతాయి. అలాంటి పశువును సంతలో కొని తెచ్చుకున్న రైతు, తెలియకుండానే తన మందకు రోగాన్ని తోలుకొచ్చినట్టే.

ఈ క్రిమిని 1898లో పారిస్‌లోనే నోకార్, రూ బృందం తొలిసారి పెంచింది. దానికి కణగోడ లేదు, రూపం స్థిరంగా ఉండదు. 1910లో దాని ఆకారాన్ని వర్ణించినవారిలో బోర్డే ఒకరు.

రక్తపరీక్ష లేని రోజుల్లో దేశాలు ఈ జబ్బును వధతోనే ఎదుర్కొన్నాయి. అమెరికా 1892 నాటికి, బ్రిటన్ 1898 నాటికి దాన్ని వదిలించుకున్నాయి. ఆస్ట్రేలియాకు 1858లో ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన పశువుతో చేరి, విశాలమైన మేతభూముల్లో శతాబ్దానికి పైగా పాతుకుపోయింది. అక్కడ క్యాంప్‌బెల్, టర్నర్ అనే శాస్త్రవేత్తలు బోర్డే సూత్రాన్నే ఈ జబ్బుకు అన్వయించి పరీక్ష రూపొందించారు. టీకా, పశువుల రాకపోకలపై ఆంక్షలు, కబేళాల్లో ఊపిరితిత్తుల తనిఖీ, వీటికి రక్తపరీక్ష తోడైంది. 1973లో ఆస్ట్రేలియా ఆ జబ్బు లేని దేశమైంది. మన దేశంలో అస్సాం ప్రాంతాన్ని వేధించిన ఈ వ్యాధి నుంచి భారత్‌కు 2007లో విముక్తి గుర్తింపు లభించింది.

అయితే ఈ పరీక్షకూ హద్దులున్నాయి. రోగం సోకిన తొలిరోజుల్లోనూ, బాగా పాతబడ్డాకా కొన్ని పశువులు దీనికి దొరకవు. అందుకే ఒక్క ఆవు ఫలితం చూసి ధీమా పడకూడదు, మంద మొత్తానికీ చేసి తీర్పు చెప్పాలి. ఇప్పుడు ఎలైజా వంటి కొత్త పరీక్షలు వచ్చినా, ఈ పాత పద్ధతిని పశువైద్య ప్రయోగశాలలు పక్కన పెట్టలేదు.

పేరు కంటే పని మిన్న

1901లో బోర్డే బ్రస్సెల్స్ తిరిగొచ్చి పరిశోధన సంస్థకు సారథ్యం వహించారు. పాశ్చర్ భార్య అనుమతితో 1903లో దానికి పాశ్చర్ పేరు పెట్టుకున్నారు. 1906లో జాంగుతో కలిసి కోరింత దగ్గు క్రిమిని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో వాసర్‌మన్ బృందం బోర్డే, జాంగుల పద్ధతినే సుఖవ్యాధి సిఫిలిస్‌కు వాడింది. ఆ పరీక్ష లోకమంతటా వాసర్‌మన్ పేరుతోనే స్థిరపడింది. మూలసూత్రం ఎవరిదో మాత్రం శాస్త్రలోకం మరవలేదు. 1919 సంవత్సరానికి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి బోర్డేకు దక్కింది.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సేనలు బ్రస్సెల్స్‌ను ఆక్రమించి ప్రయోగాలు సాగని రోజుల్లో ఆయన ఊరికే కూర్చోలేదు. రోగనిరోధక శక్తిపై పెద్ద గ్రంథం రాశారు. అది 1920లో వెలువడింది. 1940లో సంస్థ బాధ్యతల్ని కొడుకు పాల్‌కు అప్పగించారు. 1961 ఏప్రిల్ 6న, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఊళ్లో ఇంకా పాడి ఉన్న ప్రవాస కుటుంబాలు ఎన్నో. ఫోన్‌లో అమ్మానాన్నల క్షేమంతో పాటు గేదె ఈనిందా, ఆవు పాలిస్తోందా అని అడిగేవాళ్లకు పశువు విలువ వేరే చెప్పక్కర్లేదు. దొడ్లోకి కొత్త పశువు వచ్చినప్పుడు కొన్నాళ్లు విడిగా కట్టి, పశువైద్యుడికి చూపించి, అవసరమైతే రక్తం పరీక్ష చేయించమని ఇంటికి చెప్పండి. చూపుకు ఆరోగ్యంగా ఉన్నదల్లా ఆరోగ్యం కాదని, రక్తాన్ని అడిగితే నిజం చెబుతుందని బోర్డే నూట పాతికేళ్ల క్రితమే చూపించారు.