జనాన్ని రప్పించిన డాలీ మెసెంజర్

ఆట గెలవడం ఒక ఎత్తు, మైదానం నిండడం మరో ఎత్తు. ఈ రెండోదానికి పెట్టింది పేరు హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్. అందరికీ డాలీ. 1883లో సిడ్నీలో పుట్టాడు. తండ్రి పడవల షెడ్డు నడిపేవాడు.

ఆ రోజుల్లో రగ్బీ యూనియన్ ఆటకు జనం విరగబడేవారు. గేటు డబ్బు సంఘానికి, దెబ్బలు ఆటగాడికి! అలెక్ బర్డన్ గాయపడి పనికి పోలేకపోయినా పరిహారం దక్కలేదు. కడుపు మండినవాళ్లు 1907లో రగ్బీ లీగ్ పెట్టారు. మరి జనం రావద్దూ? జేమ్స్ గిల్టినన్, క్రికెట్ వీరుడు విక్టర్ ట్రంపర్ కలిసి డాలీని ఒప్పించారు. ఆగస్టు 17న న్యూజిలాండ్ జట్టుతో జరిగిన తొలి మ్యాచికి సుమారు 20 వేలమంది వచ్చారు.

1908లో ఇంగ్లండు యాత్ర. డాలీ ఉన్నాడు, ఆటా ఉంది. కానీ లాంకషైర్ నూలుమిల్లులు మూతపడి కూలీల జేబులు ఖాళీ. ఆటకన్నా అన్నం ముందు కదా! లండన్ టెస్టుకు వచ్చింది సుమారు 2 వేలమందే. చివరికి తిరుగు ప్రయాణం ఖర్చు ఆతిథ్య సంఘమే భరించింది. గిల్టినన్ దివాలా తీశాడు.

అయినా లీగ్ చావలేదు. 1909 సెప్టెంబరులో యూనియన్ ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చి సిడ్నీలో పోటీలు పెడితే జనం మళ్లీ కదిలారు. 1911 నుంచి వరుసగా మూడేళ్లు ఈస్టర్న్ సబర్బ్స్‌దే విజయం. 1913లో డాలీ ఆట మానేశాడు, 1959లో కన్నుమూశాడు. 1980 నుంచి ఉత్తమ ఆటగాడికిచ్చే పతకం ఆయన పేరిటే.

మొనగాడు జనాన్ని గేటుదాకా రప్పించగలడు. లోపలికి రావాలంటే మాత్రం వాళ్ల జేబు కూడా ఒప్పుకోవాలి. పోటీలు నడిపే మిత్రులారా, ఇది మరవకండి!