నోరా నుంచి నూర్ దాకా: ఖబర్ లేని సైనికురాలికి పేరు తిరిగొచ్చిన కథ

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ గడ్డ మీద హిట్లర్ సేనలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి, ముప్పై ఏళ్ల వయసులో ప్రాణాలిచ్చిన మహిళ నూరున్నిసా ఇనాయత్ ఖాన్. బ్రిటన్ ఆమెకు జార్జ్ క్రాస్ ఇచ్చింది. ఫ్రాన్స్ క్రోయి ద గేర్ ఇచ్చింది. కానీ ఆమెకు గుసుల్, కఫన్, దఫన్ ఏవీ దక్కలేదు. ఫాతిహా చదువుదామంటే వెళ్లి నిలబడటానికి ఖబర్ లేదు. ఆమె గుర్తుగా మిగిలింది కొన్ని రాళ్ల మీద చెక్కిన పేరు మాత్రమే. ఆ పేరు కూడా మొదట్లో సరిగ్గా లేదు.

హైదరాబాద్‌తో ముడిపడిన ఇల్లు

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో పుట్టారు. ఆయన తాతగారు మౌలా బఖ్ష్ పేరున్న సంగీత విద్వాంసుడు. అమ్మమ్మ వైపు నుంచి తమది టిప్పు సుల్తాన్ వంశమని ఆ కుటుంబం చెప్పుకునేది. ఇనాయత్ ఖాన్ వీణ పట్టుకుని ఊరూరా తిరుగుతూ హైదరాబాద్ చేరారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో పాడి మెప్పు పొందారు. అంతకంటే పెద్ద విషయం, ఆయనకు మురీదుగా చేయి పట్టిచ్చిన పీర్ సయ్యద్ అబూ హాషిం మదనీ ఇదే హైదరాబాద్‌లో ఉండేవారు. చిష్తియా సిల్సిలాకు చెందిన ఆ మురషద్ దగ్గర నేర్చుకున్నదే ఇనాయత్ ఖాన్ జీవితానికి దారి చూపించింది. మురషద్ పోయాక, 1910లో ఆయన అమెరికా బయల్దేరారు, అక్కడివాళ్లకు సూఫీ మార్గం చెప్పడానికి.

అక్కడే ఓరా రే బేకర్ అనే అమెరికన్ అమ్మాయి పరిచయమైంది. ఆమె ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. అయినా ఇద్దరూ 1913లో లండన్‌లో పెళ్లి చేసుకున్నారు. ఓరా రే బేకర్ అమీనా బేగం అయ్యారు. 1914 జనవరి 1న మాస్కోలో వాళ్లకు తొలి సంతానం పుట్టింది. నూరున్నిసా అని పేరు పెట్టారు. స్త్రీలలో వెలుగు అని ఆ పేరుకు అర్థం. తర్వాత విలాయత్, హిదాయత్, ఖైరున్నిసా పుట్టారు.

వీణ, హార్ప్, జాతక కథలు

యుద్ధ కాలం లండన్‌లో గడిచాక ఆ కుటుంబం ఫ్రాన్స్ వెళ్లింది. పారిస్ పక్కనున్న సురేన్‌లో ఒక భక్తుడు ఇచ్చిన ఇంటికి ఇనాయత్ ఖాన్ ఫజల్ మంజిల్ అని పేరు పెట్టారు. అక్కడికి అన్ని మతాలవాళ్లూ వచ్చేవారు. నూర్ పెరిగింది ఆ వాతావరణంలోనే.

1926లో తండ్రి ఒక్కరే హిందుస్తాన్ వచ్చారు. 1927 ఫిబ్రవరి 5న ఢిల్లీలో ఇంతకాల్ అయ్యారు. ఆయన మజార్ నిజాముద్దీన్ బస్తీలో, హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గాకు దగ్గర్లోనే ఉంది. అప్పటికి నూర్‌కు పదమూడేళ్లు. దుఃఖంతో తల్లి గది దాటి బయటికి రావడం మానేసింది. తమ్ముళ్లనూ చెల్లెల్నీ చూసుకునే బరువు నూర్ మీద పడింది.

మాట మెత్తన, మనిషి సిగ్గరి. సోర్బోన్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వం చదివింది. నాదియా బులాంజే దగ్గర సంగీతం నేర్చుకుంది. వీణ, పియానో, హార్ప్ వాయించేది. పిల్లల కథలు రాస్తే ఫిగారో పత్రిక వేసుకుంది, పారిస్ రేడియో వినిపించింది. బుద్ధుడి జాతక కథల్లోంచి ఇరవై ఏరి ఆమె ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1939లో లండన్‌లో అచ్చయింది. అదే ఏడు యుద్ధం మొదలైంది.

యూనిఫాంతో మారిన పేరు

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్ మీదికి వస్తుంటే, అందరిలాగే ఈ కుటుంబం కూడా ఇల్లు వదిలి రోడ్డున పడింది. బోర్డో దగ్గర ఓడ ఎక్కి ఇంగ్లాండ్ చేరారు. అహింస నేర్పిన ఇంట్లో పెరిగిన పిల్లలు వీళ్లు. యుద్ధంలోకి దిగాలా వద్దా అని నూర్, విలాయత్ ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు. కళ్ల ముందు ఇంత జులుం జరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కుదరదని నిర్ణయించుకున్నారు. అయితే ఇంకొకరి ప్రాణం తీసే పని కాకుండా, ప్రమాదం ఎక్కువగా ఉండే పని కావాలనుకున్నారు.

1940 నవంబర్ 19న నూర్ మహిళా సహాయక వైమానిక దళంలో చేరింది. అక్కడ నింపిన కాగితాల్లో ఆమె పేరు నోరా. మతం అన్న చోట చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్. లేనిపోని ప్రశ్నలు రాకుండా, పని తేలికవుతుందని అలా రాయించింది. మైనారిటీలుగా బతికేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నోరు తిరగని పేరు చెప్పి ప్రతిసారీ వివరణ ఇచ్చుకునే బదులు పొట్టి పేరు చెప్పి ముందుకెళ్లిపోతాం. నూర్ చేసిందీ అంతే. కానీ సైన్యం కాగితం మామూలు కాగితం కాదు. మనిషి చనిపోతే రాతి మీదికి ఎక్కేది ఆ కాగితంలో ఉన్నదే.

పేరు మార్చుకుంది గానీ అభిప్రాయం దాచుకోలేదు. అధికారి హోదా కోసం ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు, యుద్ధం అయ్యాక హిందుస్తాన్ ఆజాదీ కోసం నిలబడతానని తెల్లదొరల ముందే చెప్పేసింది.

పారిస్‌లో ఒంటరిగా

ఫ్రెంచి బాగా వచ్చు, వైర్‌లెస్ పని వచ్చు. దాంతో స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య సంస్థ ఆమెను తీసుకుంది. శిక్షణ ఇచ్చినవాళ్లలో కొందరు ఆమె ఈ పనికి పనికిరాదని రాశారు. మరీ అమాయకురాలు, అబద్ధమాడటం చేతకాదు అన్నది వాళ్ల అభ్యంతరం. అయినా 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఆమెను ఫ్రాన్స్‌లో దించారు. ఆక్రమిత ఫ్రాన్స్‌కు ఆ సంస్థ పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ నూరే. రహస్య పేరు మదలీన్. దొంగ గుర్తింపు కార్డు మీద పేరు జాన్ మారీ రెనియే, పిల్లల ఆయా.

దిగిన పది రోజుల్లోపే ఆమె పనిచేయాల్సిన దళం కుప్పకూలింది. గెస్టపో వరసగా అరెస్టులు చేసింది. తిరిగి వచ్చేయమని లండన్ నుంచి కబురొచ్చింది. ఆమె వెళ్లనంది. తాను కూడా వచ్చేస్తే పారిస్ నుంచి లండన్‌కు కబురు పంపేవాళ్లు ఉండరని తెలుసు. దాదాపు పదిహేను కిలోల వైర్‌లెస్ పెట్టె మోసుకుంటూ ఇల్లు మారుతూ, జుట్టు రంగు మారుస్తూ తిరిగింది. ఒకే చోట ఎక్కువసేపు సంకేతాలు పంపితే జర్మన్ వాహనాలు పసిగట్టి వచ్చేస్తాయి. ఆ రోజుల్లో ఒక ఆపరేటర్ ఆరు వారాలు పట్టుబడకుండా ఉంటే గొప్ప. నూర్ నాలుగు నెలల దాకా నెట్టుకొచ్చింది.

అక్టోబర్ నెలలో ఎవరో డబ్బుకు ఆశపడి ఆమె జాడ చెప్పేశారు. పట్టుకోవడానికి వచ్చినవాడిని కొరికి, గీరి, పోరాడింది. గెస్టపో కార్యాలయానికి తీసుకెళ్లిన కాసేపటికే స్నానాల గది కిటికీలోంచి పారిపోబోయింది. తర్వాత ఇంకో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు మీదుగా తప్పించుకుని మళ్లీ దొరికింది. ఇక పారిపోనని మాట రాసివ్వమంటే ఇవ్వలేదు.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. పంపిన సందేశాల నకళ్లన్నీ ఆమె ఒక నోటుపుస్తకంలో ఉంచుకుంది. అలా ఉంచాలని ఆదేశాన్ని తప్పుగా అర్థం చేసుకుందని చరిత్రకారులు అంటారు. ఆ పుస్తకం జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు ఆమె పేరుతో లండన్‌కు దొంగ సందేశాలు పంపారు. లండన్ సకాలంలో గుర్తుపట్టలేదు. అలా ఫ్రాన్స్‌లో దిగిన మరికొందరు నేరుగా శత్రువు చేతుల్లో పడ్డారు. అయితే విచారణలో నూర్ నోటి నుంచి ఏమీ రాబట్టలేకపోయామని, ఆ కార్యాలయం నడిపిన కీఫర్ యుద్ధం తర్వాత తానే ఒప్పుకున్నాడు.

గిన్నె అడుగున గీసిన చిరునామా

1943 నవంబర్ చివర్లో ఆమెను జర్మనీలోని ఫోర్జైమ్ జైలుకు పంపారు. కాళ్లకూ చేతులకూ సంకెళ్లు. ఏకాంత గది. ఎక్కడుందో బయటివాళ్లకు తెలియకూడదన్నది ఆజ్ఞ. పది నెలలు అలాగే గడిచాయి. అదే జైల్లో ఉన్న ఫ్రెంచి మహిళలతో మాట కలపడానికి ఆమె అన్నం గిన్నె అడుగున అక్షరాలు గీసేది. తన పేరు నోరా బేకర్ అనీ, లండన్‌లో చిరునామా టావిటన్ స్ట్రీట్, 4వ నంబరు ఇల్లు అనీ అలాగే తెలియజేసింది. అక్కడ కూడా తల్లి ఇంటిపేరే వాడింది.

1944 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున డాహౌ నిర్బంధ శిబిరంలో మరో ముగ్గురు మహిళా ఏజెంట్లతో పాటు ఆమెను కాల్చి చంపారు. స్వేచ్ఛ అన్న ఫ్రెంచి మాట ఆమె ఆఖరి మాట అని చెప్పుకుంటారు. శవాలను అక్కడి కొలిమిలో కాల్చేశారు.

ఏ రాయి మీద ఏ పేరు

యుద్ధం ముగిశాక కూడా నూర్ ఏమైందో ఇంటివాళ్లకు తెలియలేదు. కనిపించకుండా పోయిన ఏజెంట్ల కోసం వెరా అట్కిన్స్ అనే అధికారిణి జర్మనీ అంతా వెతికారు. మొదట నూర్ చనిపోయింది నాట్జ్‌వైలర్ శిబిరంలో అనుకున్నారు. అది వేరే మహిళ అనీ, నూర్‌ను డాహౌలో చంపారనీ తర్వాత గానీ తేలలేదు. అంటే చనిపోయిన చోటు కూడా మొదట తప్పే.

1948లో లండన్ నైట్స్‌బ్రిడ్జ్‌లోని సెయింట్ పాల్స్ చర్చి గోడ మీద ఒక స్మారక ఫలకం పెట్టారు. రహస్య సంస్థకు వెళ్లిన చాలామంది మహిళలు పైకి ఒక నర్సింగ్ దళం సభ్యులుగా ఉండేవారు. ఆ దళంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు అక్కడ ఉన్నాయి. సూఫీ పీర్ కూతురి పేరు చర్చి గోడ మీదికెక్కింది.

1949 ఏప్రిల్ 5న జార్జ్ క్రాస్ ప్రకటించారు. గెజిట్‌లో అచ్చయిన పేరు నోరా ఇనాయత్ ఖాన్. 1953లో రన్నీమీడ్‌లో వైమానిక దళాల స్మారకం తెరిచారు. సమాధి దొరకని ఇరవై వేల మందికి పైగా పేర్లు ఆ గోడల మీద ఉన్నాయి. నూర్ 243వ పలక మీద ఉంది. డాహౌలో ఆ నలుగురి పేర్లతో ఒక ఫలకం ఉంది. ఫ్రాన్స్‌లో వలాన్సేలో ఉన్న స్మారకం మీదా ఆమె పేరుంది.

బ్రిటన్ గడ్డ మీద ఆమె ఒక్కదానికే అంటూ స్మారకం రావడానికి మాత్రం 2012 దాకా పట్టింది. ఆమె జీవిత చరిత్ర రాసిన శ్రావణి బసు ముందుండి ప్రచారం నడిపారు. జనం చందాలతో డబ్బు పోగైంది. నవంబర్ 8న గోర్డన్ స్క్వేర్ తోటలో ఆమె కంచు ప్రతిమను యువరాణి ఆన్ ఆవిష్కరించారు. దాని మీద ఉన్నది నోరా కాదు, నూర్ ఇనాయత్ ఖాన్. 2020లో టావిటన్ స్ట్రీట్ 4వ నంబరు ఇంటి మీద నీలి ఫలకం పెట్టారు. గిన్నె అడుగున ఆమె గీసిన చిరునామా అదే. ఆ ఫలకం మీద కూడా నూరే.

రాతి మీద దీన్ ఎలా తెలుస్తుంది

బ్రిటన్ సామ్రాజ్యం తరఫున చనిపోయిన సైనికుల సమాధుల కోసం 1917లో ఒక కమిషన్ పెట్టారు. హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ సమాన గౌరవం అన్నది దాని నియమం. సమాధి ఉన్న చోట మతం గుర్తు కూడా ఉంటుంది. క్రైస్తవుడి రాయి మీద శిలువ, ముస్లిం రాయి మీద అరబీ అక్షరాలు. ఇంగ్లాండ్‌లో చనిపోయిన ముస్లిం సైనికుల కోసం వోకింగ్‌లో షాజహాన్ మసీదుకు దగ్గర్లో గుమ్మటాలున్న ఖబ్రస్తాన్ కూడా కట్టారు.

నియమం అంతటా అమలు కాలేదు. ఆఫ్రికా, పశ్చిమాసియాలో చనిపోయిన వేల మంది నల్లజాతి, ఆసియా సైనికులకు పేరుతో సమాధి రాయి దక్కలేదనీ, చాలామందిని పేరు లేకుండా సంఖ్యగానే లెక్కేశారనీ 2021లో ఆ కమిషనే నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది.

నూర్ సంగతి ఇంకో రకం. ఆమెకు సమాధే లేదు కాబట్టి ఏ గుర్తూ లేదు. ఒకవేళ శవం దొరికి, కాగితాలు చూసి రాయి పెట్టి ఉంటే, ఇంటివాళ్లు అడ్డుచెప్పకపోతే దాని మీద శిలువే వచ్చేదేమో. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ అని రాసి ఉంది కదా.

ఆమె ఎలాంటి ముస్లిం, సూఫీలను లెక్కలోకి తీసుకోవాలా అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆమె తండ్రి అన్ని మతాల గ్రంథాలనూ ఆదరించారు, కూతురు జాతక కథలు రాసింది. ఆ వాదన తేల్చడం మన పని కాదు, అల్లాహ్‌కు తెలుసు. కానీ తండ్రి ఏరి పెట్టిన పేరు ఆమెది. ఖబర్ లేని మనిషికి దీన్ ఏమిటో, ఇల్లు ఏదో చెప్పగలిగేది పేరొక్కటే. అందుకే రాతి మీద నోరా పోయి నూర్ రావడం చిన్న విషయం కాదు.

మన దగ్గరా సైన్యంలో చేసిన పెద్దలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. నిజాం కాలంలో హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లి పోరాడారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో హైదరాబాద్‌కూ వాటా ఉంది. ఆ కమిషన్ పేర్ల జాబితా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పర్షియన్, ఉర్దూ పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఎక్కి ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా రాసి చూడాలి. తాత డిశ్చార్జి కాగితమో, పెన్షన్ పుస్తకమో, పతకమో పెట్టెలో ఉంటే పారేయకండి. దాని పక్కన ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టండి. నూర్ పేరు సరిగ్గా ఆమె ఒక్కదాని స్మారకం మీదికి రావడానికి 68 ఏళ్లు పట్టింది, అదీ వెతికి రాసినవాళ్లు ఉండబట్టి.