మేజరు పద్మపాణి ఆచార్య

మహాభారతకథ బోధను ప్రాంతము వారికి దూరపు కథ కాదు. పాండవులు మారువేషమున తలదాచుకొనిన ఏకచక్రపురము ఈ బోధనేయనియు, భీముడు బకాసురుని వధించినది ఇచ్చటనేయనియు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. చిందు భాగవతమునకు కీర్తి తెచ్చిన చిందుల ఎల్లమ్మ ఈ చెరకు తోటల సీమలోని అమ్దాపూరు గ్రామమున జీవించినవారే. అక్షరము రానివారును ఆటలోను పాటలోను పురాణములను విని ధర్మమేదో తెలిసికొనిన సీమ యిది. అట్టి భారతకథనే తన పుట్టబోవు బిడ్డకు కానుకగా కోరి, ఆ బిడ్డ ముఖమైనను చూడకయే యుద్ధభూమిలో ఒరిగిన వీరుడొకడు మన హైదరాబాదున జన్మించెను. ఆతడే మేజరు పద్మపాణి ఆచార్య.

పద్మపాణి 1968వ సంవత్సరము జూన్ 21వ తేదీన పుట్టెను. పూర్వులది ఒరిస్సా. తండ్రి జగన్నాథ ఆచార్యగారు భారత వాయుసేనలో వింగ్ కమాండరుగా పనిచేసిరి. తల్లి విమలగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పద్మపాణి 1993లో మద్రాసునందలి సైనికాధికారుల శిక్షణాలయమున చేరెను. మరుసటి యేడు రాజపుతానా రైఫిల్స్ రెండవ పటాలమున అధికారిగా నియుక్తుడయ్యెను.

1999 వేసవి నాటికే పాకిస్తాను సైనికులు అధీనరేఖను దాటి వచ్చి కార్గిల్ ప్రాంతపు శిఖరములను ఆక్రమించియుండిరి. శ్రీనగరునుండి లేహ్‌కు పోవు రహదారి ఆ కొండల క్రిందుగానే సాగును. లడఖ్ నందలి మన సేనకు తిండిగింజలు, మందుగుండు ఆ దారినే చేరవలెను. పైన కూర్చున్న శత్రువునకు క్రింద కదలు ప్రతి బండియు గురియే. ఆ శిఖరములను తిరిగి గెలువక తప్పదు. పైకెక్కు జవానులకు చాటుగా ఒక చెట్టైనను లేదు. ఊపిరికి చాలినంత గాలియు లేదు. ద్రాస్ చెంతనున్న తోలోలింగ్ శిఖరమును జూన్ 13వ తేదీన జయించినది పద్మపాణి పనిచేయుచున్న పటాలమే.

జూన్ 19వ తేదీన ఆతడు తండ్రికి ఒక లేఖ వ్రాసెను. ఇల్లాలు అప్పటికి గర్భవతి. ప్రాణనష్టము సైనికుని వృత్తిలో ఉన్నదేయనియు, అందులకు చింతింపవలదనియు ఆతడు తండ్రికి ధైర్యము చెప్పెను. దేశముకొరకు పోరాడుట జీవితమున లభించు గొప్ప గౌరవమని తల్లికి తెలుపుమనెను. పిదప తన కోరిక యొక్కటి విన్నవించెను: కడుపులోని బిడ్డకు సద్గుణములు అలవడుటకై కోడలికి దినమునకొక భారతకథ వినిపింపుమనెను. సుభద్ర గర్భమున నున్న అభిమన్యునకు కథ చెప్పుటకు అర్జునుడు చెంతనే యుండెను. పద్మపాణికి ఆ భాగ్యము లేక, ఆ భారమును బిడ్డ తాతగారిపై నుంచెను.

లేఖ వ్రాసిన రెండు దినములకు ఆతనికి ముప్పదియొకటవ యేడు నిండెను. మరి యేడు దినములకు, జూన్ 28వ తేదీన, ద్రాస్ ప్రాంతముననే నోల్ అను శిఖరముపై దాడికి ఒక కంపెనీకి నాయకుడై కదలెను. చుట్టును మందుపాతరలు, పైనుండి మరతుపాకుల వర్షము. ముందు నడచిన దళముపై ఫిరంగిగుండ్లు నేరుగా పడి అనేకులు కూలిరి. దాడి ఆగిపోవునేమో యనిపించిన ఆ క్షణమున పద్మపాణి వెనుక నిలిపియుంచిన దళమును తానే నడిపించుకొని గుండ్లవానలోనికి చొచ్చెను. నిట్టనిలువు రాతికొండ నెక్కి, నేలమీద ప్రాకుచు శత్రుస్థావరమును చేరి చేతిబాంబులు విసరెను. తీవ్రముగా గాయపడి కదలలేని స్థితిలోను తన్ను విడిచి ముందుకు సాగుడని జవానులను ఆజ్ఞాపించి, పడియున్నచోటనుండియే కాల్పులు సాగించెను. స్థావరము మనవారి వశమైన పిమ్మట ప్రాణము విడిచెను. అభిమన్యుడు వ్యూహమును చొచ్చెనేగాని వెలువడలేదు. పద్మపాణి శిఖరమును గెలిచెనేగాని దిగిరాలేదు. అదే పోరాటమున ఆ పటాలమువారైన కెప్టెను కెంగురుసే, ఇరువదిరెండేండ్ల కెప్టెను విజయంత్ థాపర్ కూడ నేలకొరిగిరి.

జూలై 26వ తేదీన యుద్ధము ముగిసెను. మనవారు 527 మంది అసువులు బాసిరి. పద్మపాణికి మరణానంతరము మహావీరచక్రము ప్రదానము చేయబడెను. యుద్ధకాలపు పరాక్రమమునకు పరమవీరచక్రము తరువాత అదియే మిన్న. అయినను ముదిమి వయసున కొడుకును కోల్పోయిన తల్లిదండ్రులకును, నెలలు నిండకమున్నే భర్తను పోగొట్టుకొనిన యిల్లాలికిని ఏ పతకము ఆ లోటు తీర్చగలదు?

కొలది మాసములకు ఆడశిశువు కలిగెను. అపరాజిత యని పేరిడిరి. ఓటమి యెరుగనిదని దాని యర్థము. పరీక్షిత్తు వలెనే ఆమెయు తండ్రిని కన్నులార చూచి యెరుగదు. ఇంటివారు చెప్పిన మాటలలోను, దాచియుంచిన ఉత్తరములలోను ఆమె తండ్రిని వెదకికొనెను. పెరిగి పెద్దదై, ఇంట బబ్లూ యని పిలువబడిన ఆ తండ్రిని గూర్చి తానే యొక గ్రంథము రచించెను.

వైశంపాయనుడు భారతమును వినిపించినది ఆ పరీక్షిత్తు కుమారుడైన జనమేజయునకే. తండ్రి లేని యింటికి పూర్వుల చరితమే పెద్దదిక్కైనది. పద్మపాణి కోరినదియు ధనము కాదు, దినమునకొక కథ మాత్రమే. ఆ కోరిక విలువ, సాయంసంధ్యవేళ పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని కథ చదివి వినిపించు ప్రతి తల్లికిని, ప్రతి తాతకును తెలియును.