షా అనిపించుకోని సుల్తాన్ ఖులీ, ఆయన కట్టిన సఫా మసీదు

తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లు గోల్కొండ చూడకుండా రారు. బాలా హిసార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు పైదాకా వినిపిస్తుందని మురిసిపోయి మెట్లెక్కేస్తారు. ఆ పక్కనే ఉన్న చిన్న రాతి మసీదు వైపు చూసేవాళ్లు తక్కువ. గోల్కొండ రాజ్యానికి పునాది వేసిన మనిషి దాన్ని కట్టించాడు. ఆయన ప్రాణం పోయింది కూడా అక్కడే.

ఆయన పేరు సుల్తాన్ ఖులీ. ఇందులో సుల్తాన్ అనేది బిరుదు కాదు, పుట్టినప్పుడు పెట్టిన పేరే. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంవాడు, ఖరా ఖుయూన్లూ అనే తుర్కుమాన్ వంశస్థుడు. ఆ పేరుకు నల్ల గొర్రెలవాళ్లని అర్థం. ఈ వంశానికే చెందిన జహాన్ షా హయాంలో 1465లో తబ్రీజ్‌లో నీలి మసీదు పూర్తయింది. లోపలా బయటా నీలి పలకలు, మధ్యలో పెద్ద గుమ్మటం. తుర్కుమాన్ల కట్టడాల్లో అంత పేరున్నవి అరుదు. రెండేళ్లకే, 1467లో, తెల్ల గొర్రెల వంశంవాళ్లు జహాన్ షాను చంపి రాజ్యం లాక్కున్నారు. ఆ వంశంలో పుట్టిన పిల్లవాడికి సొంత గడ్డ మీద బతుకు లేకుండా పోయింది.

సుల్తాన్ ఖులీ అలా దక్కన్ చేరి, బీదర్‌లో బహమనీ సుల్తానుల కొలువులో కుదిరాడు. 1487లో మహమూద్ షాను చంపడానికి రాజమహల్లోనే కుట్ర జరిగితే, ప్రాణానికి తెగించి కాపాడినవాళ్లలో ఆయన ఒకడు. తర్వాత కుతుబ్ ఉల్ ముల్క్ అనే బిరుదు, తెలంగాణా సుబేదారీ దక్కాయి. గోల్కొండ అప్పటికి మట్టికోట. దాన్ని రాతితో కట్టించి మహమ్మద్‌నగర్ అని పేరు పెట్టాడు.

మసీదు కట్టింది 1518లో. నీలి పలకల హంగు లేదు, రాయీ సున్నమూ అంతే. ప్రవేశ ద్వారానికి గుమ్మటం ఉంది. అసలు విశేషం శాసనంలో ఉంది. ఏలిక అని అందులో చెక్కింది మహమూద్ షా పేరు! అప్పటికి బీదర్ సుల్తాన్ పేరుకే సుల్తాన్, పెత్తనమంతా బరీద్‌లది. సుల్తాన్ ఖులీని ఆపేవాళ్లు లేరు. ఆయన 1512లోనే స్వతంత్రం ప్రకటించుకున్నాడని చాలా పుస్తకాలు రాస్తాయి గానీ, ఈ రాయి వేరే సాక్ష్యం చెబుతోంది. ఇలాంటి తగాదాలో పుస్తకం కంటే రాయినే నమ్మాలి. మహమూద్ షా ఆ ఏడాదే కన్నుమూశాడు.

తర్వాత పాతికేళ్లు యుద్ధాలతోనే గడిచాయి. కొండపల్లి దాకా గెలిచాడు. ఇంట్లో మాత్రం గెలవలేకపోయాడు. 1543లో, బాగా ముసలితనంలో, ఆ మసీదులోనే నమాజులో ఉండగా ఆయన్ని చంపించారు. చంపించింది కొడుకు జంషీద్. వారసుడైన అన్న కళ్లు కూడా పొడిపించాడు. చిన్న కొడుకు ఇబ్రహీం విజయనగరం పారిపోయి, ఏడేళ్లు అక్కడే తలదాచుకుని, తెలుగు మీద మమకారంతో తిరిగొచ్చి గద్దెనెక్కాడు. 1580 ప్రాంతంలో కొండవీడు కుతుబ్ షాహీల చేతికొచ్చి ముర్తజానగర్ అయింది. రేపల్లె పక్కనున్న నిజాంపట్నం రేవుకు ఆంగ్లేయులు, డచ్చివాళ్లు ఓడలేసుకుని వచ్చింది కూడా వీళ్ల ఏలుబడిలోనే.

సుల్తాన్ ఖులీ సమాధి కోటకు దగ్గర్లోనే ఉంది, బతికుండగా తాను కట్టించుకున్నదే. వారసుల సమాధుల పక్కన చిన్నగా కనిపిస్తుంది. జనం ఆయన్ని పిలుచుకున్న పేరే దాని మీద ఉంది: బడే మలిక్. షా అని లేదు.